చేతిలో 22 వేలు, బీటెక్ మొదటి ఏడాది: ల్యాప్‌టాప్ ఎలా కొన్నామంటే

2025 డిసెంబర్‌లో ఒక ఆదివారం రాత్రి మా మేనకోడలు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. నల్లటి ల్యాప్‌టాప్, మూత మీద నాలుగు గీతలు, కీబోర్డ్ పక్కన నీలం రంగు ఐ5 స్టిక్కర్. కింద వాయిస్ మెసేజ్: "మావయ్యా, ఐ5 అంట, 16 జీబీ ర్యామ్ అంట, 512 ఎస్ఎస్‌డీ అంట. 21 వేలకే ఇస్తామన్నారు. నాన్న వెయ్యి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాడు. రేపు పొద్దున్నే వెళ్లి తెచ్చుకుంటాం, ఓసారి చూసి బాగుందో లేదో చెప్పు."

తను గుంటూరు దగ్గర ఒక ప్రైవేట్ కాలేజీలో సీఎస్ఈ మొదటి సంవత్సరం చదువుతోంది. మా బావగారు పల్నాడులో కౌలుకి మిర్చి వేస్తారు. సెప్టెంబర్‌లో క్లాసులు మొదలైనప్పటి నుంచి డిసెంబర్ దాకా ఆ పిల్ల సీ ప్రోగ్రామ్‌లన్నీ ఫోన్‌లో, ఒక కంపైలర్ యాప్‌లో రాసింది. ఆరంగుళాల తెరలో సగం కీబోర్డే ఉంటుంది. సెమికోలన్ ఎక్కడ పోయిందో వెతుక్కోవడానికే పది నిమిషాలు. అయినా నెట్టుకొచ్చింది. అసలు దెబ్బ నవంబర్‌లో తగిలింది. కాలేజీ పెట్టిన ఆన్‌లైన్ కోడింగ్ టెస్ట్ వెబ్‌క్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే ఓపెన్ అవుతుంది, ఫోన్‌లో అవదు. సీనియర్ అక్క ల్యాప్‌టాప్ ఇస్తానంది కానీ ఆ రోజు ఆవిడకీ పరీక్షే. మార్కులు పోయాయి. అప్పుడు మా అక్క డ్వాక్రా గ్రూపులో 10 వేలు తీసుకుంది. బావగారు 9 వేలు సర్దారు, నేను 4 వేలు వేశాను. మొత్తం 23 వేలు. ఇందులో 10 వేలు నెలనెలా కట్టాల్సిన అప్పు అన్నమాట గుర్తుంచుకోండి. ఆ డబ్బుతో తప్పు వస్తువు కొంటే రెండోసారి కొనే అవకాశం లేదు.

నేను ఆ ఫొటో చూసి ఒక్కటే అడిగాను. "సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ ఓపెన్ చేయించి, ఆ పేజీ ఫొటో పంపించమను."

ఐ5 అంటే ఏ ఐ5?

పొద్దున వచ్చిన ఫొటోలో ఉన్నది ఐ5-6300యూ. అంటే ఆరో తరం. 2015లో వచ్చిన చిప్. రెండే కోర్లు, నాలుగు థ్రెడ్లు.

ఇక్కడ కొంచెం ఆగి చదవండి, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో సగం మోసం ఈ నంబర్ చదవడం రాకపోవడం వల్లే జరుగుతోంది. "ఐ5" అనేది ఒక కుటుంబం పేరు, అంతే. అసలు సంగతి గీత తర్వాత ఉన్న నంబర్‌లో ఉంటుంది. 6300యూ అంటే ఆరో తరం, 7200యూ అంటే ఏడో తరం, 8250యూ లేదా 8350యూ అంటే ఎనిమిదో తరం. పదో తరం నుంచి మొదటి రెండు అంకెలూ కలిపి చదవాలి: 1035జీ1 అంటే పదో తరం, 1135జీ7 అంటే పదకొండు, 1215యూ అంటే పన్నెండు. ఎక్కువ తేడా వచ్చేది ఏడుకీ ఎనిమిదికీ మధ్య. సన్నటి ల్యాప్‌టాప్‌లలో వాడే యూ రకం ఐ5 ఏడో తరం వరకు రెండు కోర్లతోనే వచ్చింది. ఎనిమిదిలో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు అయ్యాయి. ఇంటెల్ మళ్లీ ఒక్క తరంలో అంత దూకుడు చాలాకాలం చూపించలేదు.

రెండో కారణం విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి ఉండాలి (ఒకటి రెండు మినహాయింపులు ఉన్నాయి, మన బడ్జెట్‌కి సంబంధం లేదు). మా బావగారు షాపులో ఇదే అడిగితే, "ఇదిగో చూడండి, 11 నడుస్తోందిగా" అని చూపించారట. నడుస్తుంది. చెకింగ్‌ని దాటవేసి పాత మెషీన్లలో విండోస్ 11 వేయడం పావుగంట పని. కానీ అలా వేసిన వాటికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. నాలుగేళ్ల చదువుకి కొనే వస్తువు మొదటి రోజు నుంచే అలా మొదలవ్వకూడదు.

ఏఎండీ విషయంలోనూ ఒక చిక్కు ఉంది. రైజెన్ 5 7520యూ అనే చిప్ పేరు చూస్తే 7000 సిరీస్, కొత్తదే అనిపిస్తుంది. 2022లోనే వచ్చింది కూడా. కానీ లోపల ఉన్నది పాత జెన్ 2 డిజైన్. 7530యూ అయితే జెన్ 3. మూడో అంకె చూడండి, 2 అంటే జెన్ 2, 3 అంటే జెన్ 3. పైగా 7520యూతో వచ్చే ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. ఆన్‌లైన్ సేల్‌లో 8 జీబీతో తక్కువ ధరకి కనబడితే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

షాపు వాళ్లు అడ్వాన్స్ తిరిగి ఇవ్వలేదు. "వేరే వస్తువు ఏదైనా తీసుకోండి" అన్నారు. పెన్‌డ్రైవ్ తీసుకుని బయటికి వచ్చారు. 23 వేలు 22 వేలయ్యాయి. మోడల్ నంబర్ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి అని ఎన్నిసార్లు రాసినా, ఇంట్లోవాళ్లే ఇచ్చేశారు చూడండి.

బ్రాంచిని బట్టి ఏం కావాలి?

సీఎస్ఈ మొదటి రెండేళ్లకి సీ, పైథాన్, జావా, డేటాబేస్ ల్యాబ్. వీటికి నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్, 256 ఎస్ఎస్‌డీ హాయిగా సరిపోతాయి. ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి వచ్చేసరికి 16 జీబీ కావాలి. మెషీన్ లెర్నింగ్ కోసం గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలని సీనియర్లు భయపెడతారు. గూగుల్ కోల్యాబ్‌లో బ్రౌజర్ నుంచే ఉచితంగా జీపీయూ వాడుకోవచ్చు, పరిమితులు ఉన్నా కాలేజీ ప్రాజెక్టులకి చాలు.

మెకానికల్, సివిల్ వాళ్ల సంగతి వేరు. ఆటోక్యాడ్ ఎలాగోలా నడుస్తుంది కానీ రెవిట్, సాలిడ్‌వర్క్స్ విండోస్‌లోనే పనిచేస్తాయి, ర్యామ్ బాగా తింటాయి. కాబట్టి మ్యాక్‌బుక్ మోజు ఉంటే ముందే ఆలోచించుకోండి. ఆటోడెస్క్ సాఫ్ట్‌వేర్ విద్యార్థులకి ఉచితం, ఏడాదికోసారి రెన్యువల్ చేసుకోవాలి. క్రాక్ చేసింది వేయించుకునే ఖర్మ మనకెందుకు. ఈసీఈలో వివాడో లాంటివి ఎలాగూ ల్యాబ్‌లోనే చేయిస్తారు. బీకాం వాళ్లకి టాలీ, ఎక్సెల్ నడిస్తే చాలు. వాళ్లు ర్యామ్ మీద పెట్టే డబ్బు మంచి కీబోర్డ్, మంచి తెర మీద పెట్టడం నయం.

"లినక్స్ వేసుకుంటే పాత మెషీన్ అయినా సరిపోదా?" అని అడిగేవాళ్లు ఉంటారు. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి లినక్స్ మింట్ చక్కగా సరిపోతుంది, నేనూ వాడతాను. కానీ పరీక్షల దగ్గర దెబ్బ తింటారు. ఉదాహరణకి సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ అనే సాఫ్ట్‌వేర్‌కి లినక్స్ వెర్షనే లేదు. మా పిల్లకి మార్కులు పోయింది పరీక్షలోనే కాబట్టి విండోస్ తప్పదనుకున్నాం.

22 వేలకి కొత్తది రాదా?

వస్తుంది. ఆ ధరలో కొత్తగా దొరికేవి చాలావరకు సెలెరాన్ ఎన్4500 లాంటి రెండు కోర్ల చిప్‌లతో ఉంటాయి. డబ్బా కొత్తది, ఏడాది వారంటీ, బరువు తక్కువ. కానీ బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, పక్కన వీఎస్ కోడ్, ఒక ఆన్‌లైన్ క్లాస్ పెట్టేసరికి నత్తనడక మొదలవుతుంది. అదే డబ్బుకి కార్పొరేట్ కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్ దొరుకుతుంది. థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5, ఈ మూడూ 2018 నాటివి. కీబోర్డ్ గట్టిది, విడి భాగాలు దొరుకుతాయి, నాలుగు స్క్రూలు విప్పితే ర్యామ్ మార్చుకోవచ్చు. జాగ్రత్త ఒక్కటే, ఈ మూడు మోడళ్లూ ఏడో తరం చిప్‌తో కూడా అమ్ముడయ్యాయి. మోడల్ పేరు చూసి సంతోషపడకుండా అబౌట్ పేజీ చూడాల్సిందే. ఇంకోటి, టీ480కి రెండు ర్యామ్ స్లాట్లు ఉంటాయి. పేరు చివర ఎస్ ఉన్న టీ480ఎస్‌లో ఒక ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది.

బడ్జెట్ 35 వేలు దాటితే మాత్రం నేను కొత్తదే చెబుతాను. ఐ3-1215యూ లేదా రైజెన్ 5 5500యూ లాంటి చిప్, ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉన్న మోడల్. ఆ స్థాయిలో వారంటీకి విలువ ఉంది.

పార్క్‌లేన్‌లో రెండు గంటలు

క్రిస్మస్ సెలవుల్లో తండ్రీకూతుళ్లు రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వచ్చారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటు, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నాలుగు షాపులు తిరిగాం. మూడో షాపులో టీ480, ఐ5-8350యూ, 8 జీబీ, 256 ఎస్ఎస్‌డీ, 20,500 చెప్పి 19,500కి దిగారు. బేరం కుదిరాక డబ్బు తీయలేదు. అప్పుడు మొదలుపెట్టాం.

మొదట ల్యాప్‌టాప్ ఆఫ్ చేయించి, ఆన్ అవుతుండగా ఎఫ్1 కొట్టి బయోస్‌లోకి వెళ్లాం. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషీన్ వదిలేయండి, ఎంత చవకైనా సరే. పాత కంపెనీ పెట్టిన తాళం అది. సెక్యూరిటీ మెనూలో అబ్సల్యూట్ లేదా కంప్యూట్రేస్ అన్నచోట యాక్టివేటెడ్ అని ఉన్నా వద్దు. మాది శుభ్రంగా ఉంది.

తర్వాత షాపు అబ్బాయికి కాస్త చిరాకు తెప్పించే పని చేశాం. నా ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, నెట్‌కి కనెక్ట్ చేసి, విండోస్ మొత్తం రీసెట్ చేయించాం. నలభై నిమిషాలు పట్టింది. ఎందుకంటే కొన్ని కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లని మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదు చేసి ఉంచుతాయి. అమ్మేశాక ఆ పేరు తీయించడం మర్చిపోతే, ఎప్పుడో మీరు విండోస్ మళ్లీ వేసుకున్న రోజు ఆ కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతుంది. అది మీ దగ్గర ఉండదు. షాపు ముందరే తేలిపోవడం మంచిది. రీసెట్ అయ్యాక సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూశాం, డిజిటల్ లైసెన్స్ అని వచ్చింది. ఈ రకం మెషీన్లకి లైసెన్స్ మదర్‌బోర్డుతోనే వస్తుంది. రాలేదంటే క్రాక్ వేసి అమ్ముతున్నారా అని అనుమానించాలి.

ఇక బ్యాటరీ. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి టెర్మినల్ తెరవండి. అందులో పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే తయారైన రోజు పట్టిన ఛార్జ్, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పడుతున్నది. రెండోది మొదటిదాంట్లో 70 శాతానికి తగ్గితే బ్యాటరీ మార్చమని అడగాలి లేదా ధర తగ్గించమనాలి. టీ480లో రెండు బ్యాటరీలు ఉంటాయి, లోపల ఒకటి, వెనక తీసి పెట్టుకునేది ఒకటి. మా రిపోర్ట్‌లో లోపలిది 80 శాతం పైనే ఉంది. వెనకది 24,000 మిల్లీవాట్ అవర్స్‌కి గాను 9,800 చూపించింది. అంటే 40 శాతం. షాపతను "బ్యాకప్ నాలుగు గంటలు పక్కా సార్" అంటూనే ఉన్నాడు. రిపోర్ట్ చూపించేసరికి మాట మారింది. 1,500 ఎక్కువిస్తే కొత్త బ్యాటరీ వేస్తానన్నాడు, వేయించాం. మొత్తం 21,000.

మిగతావి చకచకా అయిపోయాయి. నోట్‌ప్యాడ్ తెరిచి మా మేనకోడలు కీబోర్డ్‌లో ప్రతి అక్షరం కొట్టింది. ప్రతి యూఎస్‌బీ రంధ్రంలో పెన్‌డ్రైవ్ పెట్టి చూసింది, ఆ వెయ్యి రూపాయల పెన్‌డ్రైవ్ ఇక్కడ పనికొచ్చింది. కెమెరా, మైక్ చూశాం. ఈ మోడల్ ఛార్జ్ అయ్యేది టైప్-సీ పోర్టు నుంచే, కాబట్టి వైరు పెట్టి అటూ ఇటూ కదిపి ఛార్జింగ్ ఆగిపోతోందేమో చూడాలి. తెల్ల బొమ్మ, నల్ల బొమ్మ పెట్టి తెరలో మచ్చలు చూడాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎస్ఎస్‌డీ ఆరోగ్యం ఎంత శాతమో చూడాలి, మాది 91. ఆఖర్లో ఇరవై నిమిషాలు యూట్యూబ్ నడిపించి ఫ్యాన్ చప్పుడు విన్నాం.

బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్, ప్రాసెసర్ పూర్తి నంబర్, ఆరు నెలల షాపు వారంటీ, కొత్త బ్యాటరీ సంగతి అన్నీ రాయించాం. "అన్నీ ఎందుకు సార్, కార్డు ఇచ్చాంగా" అన్నాడు. విజిటింగ్ కార్డు వారంటీ కాదు బాబూ అన్నాను.

ఈఎంఐ, లోన్, స్కాలర్‌షిప్: దారులేంటి?

22 వేలు కూడా చేతిలో లేనివాళ్లు ఎక్కువగా వెళ్లేది నో కాస్ట్ ఈఎంఐకి. సున్నా వడ్డీ అనేదేమీ ఉండదని ఆర్బీఐ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. కాబట్టి ఇప్పుడు జరిగేది ఇది: బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీకి సమానంగా అమ్మేవాళ్లు ముందే ధర తగ్గించి చూపిస్తారు. 36,000 ల్యాప్‌టాప్, 12 నెలలు, నెలకి 3,000 అనుకోండి. 15 శాతం వడ్డీ లెక్కన అసలు సుమారు 33,240, వడ్డీ సుమారు 2,760. క్రెడిట్ కార్డు అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ సుమారు 497. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే దాని మీద జీఎస్టీతో కలిపి 235. అంటే మీకు కనబడకుండా పడేది 730 దాకా. ఇది పెద్ద మొత్తం కాదు, నిజమే. అసలు నష్టం వేరేచోట ఉంటుంది. అదే వస్తువుకి మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకి కార్డు ఆఫర్‌లో రెండు మూడు వేలు తగ్గుతుంటే, మీకు ఆ తగ్గింపు రాదు. కొనే ముందు రెండు మొత్తాలూ పక్కపక్కన రాసుకుని చూడండి. ఇక ఒక కిస్తీ తప్పితే పెనాల్టీ, నాన్నగారి సిబిల్ స్కోర్ రెండూ దెబ్బతింటాయి. పంట డబ్బు మీద బతికే ఇంట్లో ప్రతి నెలా 5వ తేదీన 3,000 ఉంటాయా అన్నది అసలు ప్రశ్న.

ఎడ్యుకేషన్ లోన్ ఎలాగూ తీసుకుంటున్నవాళ్లు ఒక పని చేయొచ్చు. చాలా బ్యాంకులు పాటించే ఐబీఏ మోడల్ స్కీమ్‌లో, కోర్సుకి అవసరమైతే కంప్యూటర్ కొనుగోలు కూడా ఖర్చుల జాబితాలో ఉంది. 4 లక్షల వరకు మన వాటా డబ్బు అడగరు. దరఖాస్తు చేసేటప్పుడే ల్యాప్‌టాప్ కొటేషన్ జతచేయాలి, లోన్ మంజూరయ్యాక అడిగితే మేనేజర్‌కి కుదరదు. ల్యాప్‌టాప్ ఒక్కదాని కోసం మాత్రం ఆ లోన్‌కి తిరగడం దండగ.

అమ్మాయిలకి ఏఐసీటీఈ వాళ్ల ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50,000. ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీలో డిగ్రీ లేదా డిప్లొమా టెక్నికల్ కోర్సు మొదటి ఏడాదిలో చేరి ఉండాలి (లేటరల్ ఎంట్రీ అయితే రెండో ఏడాది), కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల వరకు ఇస్తారు. ఆ డబ్బు ఫీజుకే కాదు, కంప్యూటర్, పుస్తకాలు, సాఫ్ట్‌వేర్ కొనడానికి కూడా అని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. వైకల్యం ఉన్న విద్యార్థులకి ఇలాంటిదే సక్షమ్ పేరుతో ఉంది. రెండింటికీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే అప్లై చేయాలి. అయితే వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవాళ్లకి అడ్డొచ్చే నిబంధన ఉంది, కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తున్నవాళ్లు ముందే కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో అడిగి తేల్చుకోండి. ఆధార్ లింక్ అయిన బ్యాంకు ఖాతా సరిగ్గా ఉందో లేదో కూడా చూసుకోండి. డబ్బు రావడానికి నెలలు పడుతుంది. దాన్ని నమ్ముకుని ఈఎంఐ మొదలుపెట్టొద్దు.

కొన్నాక చేసినవి

మిగిలిన వెయ్యిలో 350 పెట్టి మౌస్, 400 పెట్టి బ్యాగ్ కొన్నాం. ఆఫీస్ కొనలేదు. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ ఐడీతో మైక్రోసాఫ్ట్ 365 ఎడ్యుకేషన్ ఆన్‌లైన్ వెర్షన్ ఉచితంగా వచ్చింది. మీ కాలేజీ నమోదై ఉందో లేదో వాళ్ల సైట్‌లో ఆ మెయిల్ కొడితే తెలిసిపోతుంది. యాంటీవైరస్ కొనమని ఎవరైనా చెబితే వినకండి, విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు.

ర్యామ్ రెండో స్లాట్ ఖాళీగా ఉంది. ఇంకో 8 జీబీ వేద్దామనుకున్నాం కానీ 2025 చివరి నుంచి మెమరీ ధరలు మండిపోతున్నాయి. ఆండ్రాయిడ్ స్టూడియో అవసరం వచ్చేది మూడో సెమిస్టర్‌లో అట, అప్పుడు చూద్దామని వదిలేశాం. ఒకవేళ ఇప్పుడే కొంటున్న మెషీన్‌లో 16 జీబీ ఉండి తేడా 1,500 లోపే అయితే మాత్రం తీసేసుకోండి.

జనవరిలో ఇంకో ఆన్‌లైన్ టెస్ట్ జరిగింది. ముందురోజు రాత్రి ఫోన్ చేసి, "మావయ్యా, వెబ్‌క్యామ్ నల్లగా వస్తోంది, పాడైపోయిందా?" అని ఏడుపు గొంతుతో అడిగింది. టీ480 కెమెరా మీద కొన్ని మోడళ్లలో ఒక చిన్న మూత ఉంటుంది, పక్కకి జరపాలి. జరిపింది.